నాయన ఆఖరి పన్ను, నా బీయెస్సీ

మొన్న మా తమ్ముని మనవరాలు బెంగుళూరు నుంచి వచ్చి రెండు దినాలు నా దగ్గర ఉండి పోయింది. బస్సు దిగేటప్పటికే ఒక బుగ్గ పూరీ మాదిరి పొంగి ఉంది. "ఏమే, ఎవరన్నా కొట్టినారా?" అని అడిగితే నవ్వబోయి, నవ్వితే నొప్పని చెయ్యి అడ్డం పెట్టుకుని, "జ్ఞానదంతాలు తీయించుకున్నా పెద్దవ్వా, రెండూ ఒక్కసారే" అనింది. "ఎవరిని అడిగి తీయించుకున్నావు?" అన్నాను. ఆ మాట నా నోట్లోనుంచి దానంతటదే వచ్చేసింది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఎవరిని అడగాల? పండ్లు నావే గదా. ఫోన్లో టైము తీసుకున్నా, మధ్యాన్నం పోయి పీకించుకున్నా, సాయంత్రం మళ్ళీ పనిలో కూర్చున్నా" అని చెప్పి ఐస్‌క్రీము డబ్బా మూత తీసింది. వాళ్ళమ్మకు కూడా పీకించుకున్నాకే చెప్పిందట.

నేను ఆ బుగ్గ వైపే చూస్తూ కూర్చున్నా. నిజం చెప్తున్నా, నాకు కుళ్ళు పుట్టింది. ఎందుకంటే అట్లాంటి పన్నే మా నాయన నోట్లోనుంచి ఊడి రావడానికి ఏడాది పట్టింది. ఇల్లంతా కూర్చుని ఆలోచించింది, వీధంతా సలహా చెప్పింది, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్ళూ తిరగాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద కథ ఏమంటే ఆ పన్ను వెనకాల నా చదువు ఇరుక్కుని ఉండింది. ఆయన పన్ను కదిలితే గాని నేను హిందూపురం కాలేజీకి కదిలేది లేదు. ఇదేం ఎక్కడా వినని మాట అనుకుంటారేమో. నేను బతుకంతా పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, గాలి మాటలు చెప్పే రకం కాదు.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. మా ఇంట్లో మొదట మగ్గం ఉండేది, మగ్గం పోను మిగిలిన జాగాలో మేముండేవాళ్ళం. నాయన పొద్దున్నే ముఖం కడుక్కుని మగ్గం గుంతలోకి కాళ్ళు దింపినాడంటే మళ్ళీ సంగటి తినే పొద్దుకు గాని కాళ్ళు పైకి వచ్చేవి కావు. ఆ టకటక చప్పుడు ఎంత అలవాటంటే, ఉయ్యాల్లో పసిబిడ్డలు చప్పుడుకు నిద్రపోయేవాళ్ళు, చప్పుడు ఆగితే లేచి ఏడ్చేవాళ్ళు. ఆగిందంటే పోగు తెగిందని అర్థం. పట్టుకు ఒక పచ్చి వాసన ఉంటుంది, తడిసిన కంబళి వాసనకు దగ్గర. దాని మీద గంజి వాసన, దాని మీద మా అవ్వ దంచుకునే వక్కాకు వాసన. అవ్వంటే నాయన తల్లి, ఇంటికి పెద్ద. పండ్లన్నీ పోయినాయి కాబట్టి చిన్న ఇత్తడి రోట్లో వక్కాకు దంచి వేసుకునేది. ఇంట్లో ఏ సంగతి ఆమె ముందు పెట్టినా నోటితో కాదు, ఆ రోలుతోనే మొదట జవాబు చెప్పేది. గట్టిగా దంచితే వద్దని, నిదానంగా దంచితే ఆలోచిస్తానని. అమ్మ పొయ్యి దగ్గర ఉండి ఆ చప్పుడు విని మాకు కండ్లతో సైగ చేసేది.

మా నాయన బుటా నేతగాడు. చీర ఒంటి మీద చిన్న చిన్న పువ్వులు జరీతో వేసేదాన్ని బుటా అంటారు, దానికి చెయ్యి ఎంత కావాలో కండ్లు అంత కావాలి. పట్టూ జరీ షావుకారి ఇస్తాడు, మేము నేసి ఇస్తాం. మంచి కండ్లున్నవానికి బుటా పని, లేనివానికి కూలి తక్కువుండే సాదా పని. వీధిలో ఎవడైనా కండ్లద్దాలు పెట్టుకుని మగ్గంలో కూర్చున్నాడని షావుకారికి తెలిసిందంటే, ఆ మనిషికి మళ్ళీ వచ్చే పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల చుట్ట, సాదాదే. అందుకని నలభై దాటిన మగవాళ్ళు అద్దాలు కొన్నా ట్రంకుపెట్టె అడుగున దాచుకునేవాళ్ళు. మా నాయనకు ఈ విషయంలో పొగరు ఇంకొంచెం ఎక్కువ. పెనుకొండలో ఉండే మా మామ, అంటే అమ్మ వాళ్ళ అన్న, చిన్న వయసులోనే అద్దాలు పెట్టుకున్నాడు. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాయన, "రా బావా, నాలుగు కండ్లు వేసుకుని వచ్చినావు, మా గడప కనపడిందా?" అనేవాడు. మామ పాపం నవ్వి ఊరుకునేవాడు.

నేను ఇంటర్మీడియట్ పాసైన వేసవిలోనే నాయనకు పన్ను నొప్పి మొదలైంది. పై దవడలో, ఎడమ పక్క, అన్నిటికన్నా ఆఖరి పన్ను. లవంగం పెట్టినారు, ఇంగువ పెట్టినారు, పొగాకు పెట్టినారు. తలకూ గడ్డానికీ కలిపి టవలు కట్టుకుని మగ్గంలో కూర్చుంటే, దూరం నుంచి చూసేవాళ్ళకు ఆంజనేయ వేషగాడు పనికి వచ్చినట్టుండేది. పక్కవీధి కంపౌండరు బ్యాటరీ లైటు వేసి చూసి, "ఇది జ్ఞానదంతమప్పా. పుచ్చి లోపల చీము పట్టింది. హిందూపురంలో పండ్ల డాక్టరు ఉండాడు, పోయి పీకించుకో" అన్నాడు. అవ్వ రోలు ఒక్కసారి గట్టిగా మోగింది. "జ్ఞానదంతమా? నా కొడుక్కుండేదే రవ్వంత జ్ఞానం, అదీ పీకేస్తే నేను వీన్ని ఏం చేసుకోవాల?" అనింది. కంపౌండరు లైటు ఆర్పుకుని వెళ్ళిపోయినాడు.

అవ్వకు అసలు భయం వేరే. పైపన్ను పీకితే కంటి నరం తెగి చూపు పోతుందని ఆమె నమ్మకం. మా వైపు చాలామందికి ఉండే నమ్మకమే ఇది, కానీ అవ్వకు ఇంట్లోనే సాక్ష్యం ఉండేది. "మీ తాత అంతటి బుటా నేతగాడు ఈ వీధిలో పుట్టలేదు. సంతలో పండ్లు పీకే ఆయప్ప దగ్గర పైపన్ను పీకించుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా చూపు మందగించె. కడాకు కూర్చుని పట్టుపోగు కండెలు చుట్టుకుంటా పాయె" అని ఆ కథ చెప్పేది. నాకు రోజూ చెప్పేది. తలకు నూనె పెట్టేటప్పుడు చెప్పేది, చెనిక్కాయలు ఒలిచేటప్పుడు చెప్పేది. నాయన నొప్పికి మూలిగితే, "సంగటి తినేవానికి పండ్లతో ఏం పనిరా? మింగు" అనేది. అది మాత్రం నిజమే. రాగిసంగటిని ఎవరూ నమలరు, ముద్ద చేసి ఊరుబిండి పచ్చడిలో అద్ది మింగడమే. ఆ ఏడాది నాయనను బతికించింది సంగటే.

సరే, పీకించుకోవాలనే అనుకుందాం, ఎప్పుడు? అమావాస్య ముందు వద్దు, మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, ఆషాఢంలో వద్దు. అన్నిటికన్నా పెద్ద అడ్డం ఇంకోటి ఉండేది. మగ్గం మీద పడుగు ఉన్నంతకాలం మగ్గంలో కూర్చునేవాడు నెత్తురు చూడకూడదని మా ఇంట్లో కట్టుబాటు. ఆ రోజుల్లో నాయన గడ్డం కూడా తాను గీసుకోడు, కోసుకుంటుందేమోనని మంగలి చేత జాగ్రత్తగా గీయించుకుంటాడు. ఒక పడుగు అయిపోయి చీరలు కోసిన పొద్దే షావుకారి మనిషి ఇంకో పడుగు తెచ్చి పెట్టేవాడు. పని బాగా చేసేవాని మగ్గం ఖాళీగా ఎందుకుంటుంది? ఖాళీ లేని మగ్గం, వద్దనే అవ్వ, నడుమ పన్ను హాయిగా కూర్చునుండేది.

ఇంక నా సంగతి. మా చిన్నమ్మ హిందూపురంలో ఉండేది, వాళ్ళింట్లో ఉండి బీయెస్సీ చదవాలని నాకు పట్టుదల. నాకు కావాల్సిన చదువు మా ఊళ్ళో లేదు. నాయన మొదట, "నువ్వు పోయి చదువు పాపా" అని తానే అన్నాడు. తర్వాత మెల్లగా, "ఈ పోగు పట్టు పాపా", "ఆ తెగింది యాడుందో చూడు పాపా" అని పిలవడం మొదలుపెట్టినాడు. నేను పని నేర్పిస్తున్నాడేమో అనుకున్నా. ఒక దినం మెరూన్ పోగును పక్కనున్న నల్ల పోగుకు అతుకుతున్నాడు. "నాయనా, అది నలుపు" అన్నాను. ఆయన తల వెనక్కి వాల్చి, చెయ్యి దూరంగా పెట్టి, కండ్లు చికిలించి చూసి, ఎవరూ లేరు కదా అని చుట్టూ చూసినాడు. నాకప్పుడు తెలిసింది. ఎదురంగట్లో గోడగడియారం టైము ఈడ్నుంచే చెప్పే మనిషికి ముక్కు కింది పోగు కనపడదు. "మీ అమ్మకు చెప్పొద్దు. అవ్వకు అసలే చెప్పొద్దు. ఈ పడుగు అయిపోయేదాకా నా పక్కన ఉండు తల్లీ" అన్నాడు. తల్లీ అన్నాడు. ఏమనేది నేను?

ఆ పడుగు అయిపోయింది, ఇంకోటి వచ్చింది. కాలేజీ తెరిచినారు, చేర్చుకోవడం అయిపోయింది, నేను మగ్గం పక్కనే కూర్చునుండిపోయినా. బూడిద రాసుకున్న వేళ్ళతో పోగూ పోగూ కలిపి మెలిపెట్టాలి, పట్టుపోగు సన్నంగా ఉంటుంది గానీ వేలును చాకు మాదిరి కోస్తుంది. నాతో చదివిన పిల్లలు సెలవులకు వచ్చి కాలేజీ ముచ్చట్లు చెప్తుంటే నాకు లోపల మండిపోయేది. "ఆడపిల్లను మగ్గంలో కూర్చోబెట్టినావేమప్పా?" అని ఎవరైనా అడిగితే నాయన చెంప పట్టుకుని, "తల వంచితే పన్ను జివ్వుమంటాంది, అందుకని పాప సాయం చేస్తాంది" అనేవాడు. అదీ సంగతి! నొప్పి నిజమే, కానీ ఆ నొప్పి చాటున కండ్లను దాచుకుంటున్నాడు. పన్ను ఉన్నంతకాలం ఆయనకు సాకు ఉంటుంది. సాకు ఉన్నంతకాలం నాకు కాలేజీ ఉండదు. ఒక మనిషి పన్ను మీద నాకు అంత కోపం వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. పట్టు సరఫరా ఆలస్యమై ఒక నాలుగు దినాలు మా మగ్గం ఖాళీగా నిలిచింది. నొప్పి కూడా అప్పుడే కట్టలు తెంచుకుంది, బుగ్గ ఉబ్బి కన్ను మూసుకుపోయింది. పీకడానికి మాత్రం అవ్వ ఒప్పుకోలేదు. పెనుకొండలో పంటిపురుగు తీసే మనిషి ఉంది, ఆడికి తీసుకుపొమ్మనింది. అమ్మకు ఇంట్లో చిన్నపిల్లలు, కాబట్టి నాయన వెంట నేను పోయినా. చిన్న రైల్లో పెనుకొండలో దిగితే మా మామ వచ్చి తీసుకుపోయినాడు. ఆ మనిషి ముసలామె. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, పొగ నోట్లోకి పోయేటట్టు కొబ్బరిచిప్ప బోర్లించి పెట్టింది. నాయన దగ్గి దగ్గి నీలం రంగుకు తిరిగినాడు. తర్వాత నీళ్ళ గిన్నెలో తెల్లగా సన్నగా ఏవో తేలితే, "చూడు నాయనా, ఎన్ని పురుగులో!" అనింది. మామ అద్దాలు సర్దుకుని గిన్నెలోకి వంగి, "ఇవి గింజల మొలకల మాదిరి ఉండాయే" అన్నాడు. "నాలుగు కండ్లున్నోనికి అట్లనే కనపడుతుందిలే" అని నాయన ఆ నొప్పిలోనూ వదల్లేదు.

స్టేషనుకు వచ్చేసరికి నొప్పి తగ్గకపోగా చెవిలోకి ఎక్కింది. మామ టీ తేవడానికి పోయినాడు. ప్లాట్‌ఫారం మీద నాయన చెంప పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊగుతున్నాడు. ఇటు నుంచి వచ్చే బండి ధర్మవరం పోతుంది, అటు నుంచి వచ్చేది హిందూపురం. నాకు ఆయన మీద జాలి, ఆయన పన్ను మీద కోపం, రెండూ ఒక్కసారే వచ్చినాయి. "నాయనా, హిందూపురం పోయి పీకించుకుందాం" అన్నాను. "కండ్లు పోతాయంటాంది గదే మీ అవ్వ" అన్నాడు అలవాటు కొద్దీ. నాకు ఆ క్షణంలో తోచింది. "పోనీ నాయనా. పన్ను పీకించుకున్నందుకే పోయినాయని చెప్పుకుందాం. అందరూ నమ్మేదే గదా! ముసలితనం అనరు, చేతకాలేదు అనరు, డాక్టరును తిడతారు. నువ్వు మర్యాదగా అద్దాలు పెట్టుకోవచ్చు" అన్నాను. నాయన ఊగడం ఆపినాడు. నా ముఖం వైపు అట్లే చూసి చూసి, "జ్ఞానం నాకు రాకపోతే పాయె, నీకు వచ్చినట్టుండాదే" అన్నాడు. మామ టీ తెచ్చేసరికి, "బావా, హిందూపురానికి టికెట్లు తీయి. నువ్వూ రా, సాక్షి కావాల" అన్నాడు. సాక్షి ఎందుకో మామకు అర్థం కాలేదు గానీ తీసినాడు.

హిందూపురంలో పండ్ల డాక్టరు గదికి ముందర అద్దాల పెట్టెలో ఇంత పెద్ద పండ్ల సెట్టు బొమ్మ పెట్టి ఉండింది. దాన్ని చూడగానే నాయనకు కాళ్ళు వెనక్కి పోయినాయి. మామను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మేమిద్దరం లోపలికి పోయినాం. నడుమ ఒక్క గుడ్డ తెరే. డాక్టరు బెంగుళూరు వైపు మనిషి, తెలుగులో కన్నడం కలిపి పెద్ద గొంతుతో మాట్లాడేవాడు. నోరు చూసి, "ఇన్ని దినాలు యాకప్పా ఇట్ల పెట్టుకున్నావు?" అన్నాడు. నేను చొరవగా, "మా ఇంట్లో పైపన్ను పీకితే కండ్లు పోతాయని భయం సార్" అన్నాను. ఆయన నవ్వి, తెర అవతలికి కూడా వినపడేటట్టు, "పంటికీ కంటికీ ఏమీ సంబంధం లేదు! ధైర్యంగా ఉండు" అన్నాడు. నాయన కుర్చీలోనుంచి సగం లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మెల్లగా అనండి. బయట మా బావ ఉండాడు."

డాక్టరుకు అర్థం కాలేదు. "సంబంధం లేదంటే మంచిదే కదప్పా?" అన్నాడు. "లేకపోతే ఎట్ల సార్?" అన్నాడు నాయన ఏడుపు గొంతుతో. "రవ్వంత ఉండేటట్ల చూడండి." ఆయన నన్ను చూసినాడు, నేను నేలను చూసినా. చివరికి నేనే గొంతు తగ్గించి ఉన్నదున్నట్టు చెప్పేసినా, మగ్గం, షావుకారి, నా కాలేజీ, అన్నీ. ఆ డాక్టరు పుణ్యాత్ముడు. చాలాసేపు మీసంలోనే నవ్వుకుని, తర్వాత తెర వైపు తిరిగి గట్టిగా, "నేను మాత్రం పీకుతా. ఆమీద కంటికి ఏమన్నా అయితే నన్ను అడగొద్దు!" అని అరిచినాడు. బయట బెంచీ కిరకిరలాడింది. సూది వేసినాడు, పట్టకారు పట్టినాడు, నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పన్ను మూడు వేర్లతో, ఆయన పొగరంత గట్టిగా ఉండింది. బయటికి వచ్చేసరికి మామ అద్దాలు తీసి కండ్లు తుడుచుకుంటూ ఉన్నాడు. "అంత మాట అనిపించుకుని ఎందుకు పీకించుకున్నావు బావా?" అన్నాడు.

ఇంక ఇంటికి వచ్చినాక నాయన నటన చూడాలి. మెల్లమెల్లగా చూపు తగ్గినట్టు చెయ్యాలని మేము అనుకున్నాం. ఆయన మరుసటి దినమే స్తంభానికి గుద్దుకున్నాడు. వీధి చివర పోయే మనిషిని చూసి, "ఎవరప్పా అది?" అనేవాడు. నేను పక్కకు లాగి, "నాయనా, దూరం కనపడాల, దగ్గర కనపడకూడదు" అని చెప్పాల్సి వచ్చేది. "ఓ, అవునే" అని, వచ్చి అన్నం తట్టలో ముద్ద వెతుక్కునేవాడు. అవ్వ రోలు ముందు పెట్టుకుని, "నేను చెప్పలా? నా మాట వింటిరా?" అని శోకాలు తీసింది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి ఆమెతో కలిసి హిందూపురం డాక్టరును తిట్టినారు. పాపం ఆ మహానుభావునికి ఎన్ని తిట్లు తగిలినాయో!

అట్ల ఒక పక్షం గడిచినాక షావుకారే మా ఇంటికి వచ్చినాడు. ఆయన సాదా పడుగు పంపిస్తానంటే మా కథ అడ్డం తిరిగినట్టే. మగ్గం పక్కన పీట మీద కూర్చుని, "ఏమప్పా, పన్ను పీకించుకుని కండ్లమీదికి తెచ్చుకున్నావంట? వయసుదైతే ఎవరేం చేస్తారు గానీ, ఇది దెబ్బ తగిలినట్టే గదా. ఏదీ, ఇవి పెట్టి చూడు" అని జేబులోనుంచి తన అద్దాలు తీసి నాయనకు ఇచ్చినాడు. నాయన ఆ అద్దాలు పెట్టుకుని మగ్గం మీది చీర వైపు వంగినాడు, వంగి అట్లే ఉండిపోయినాడు. తర్వాత వేలు పెట్టి, "ఈడ ఒక పోగు జారింది. ఆ పువ్వు రెక్క ఒకటి తక్కువ పడింది" అన్నాడు. షావుకారి వంగి చూసి తనకు కనపడక మళ్ళీ అద్దాలు అడిగి తీసుకుని చూసి, "అవునప్పా!" అన్నాడు. బుటా పని ఎటూ పోలేదు.

ఆయన పోయే ముందు నాయన ఆ అద్దాలు ఇంకొక్కసారి అడిగి పెట్టుకున్నాడు. జారిన పోగు అతకాలని నేను వేళ్ళకు బూడిద రాసుకుని చెయ్యి చాపినా. నాయన పోగును చూడలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు. తిప్పి చూసినాడు. రెండో చెయ్యి కూడా పట్టుకుని చూసినాడు. వేళ్ళ నిండా గీతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. "ఇవెప్పటివి పాపా?" అన్నాడు. "ఏడాది నుంచీ ఉండాయి నాయనా" అన్నాను. ఆయన షావుకారికి అద్దాలు ఇచ్చేసి, దినమంతా మగ్గంలో కూర్చోకుండా అరుగు మీద కూర్చున్నాడు. మరుసటి పొద్దున్నే తలకు నీళ్ళు పోసుకుని, తెల్ల పంచె కట్టుకుని, "బట్టలు సర్దుకో. హిందూపురం పోదాం" అన్నాడు. నేను ఏడ్చేసినా. ఎగిరి గంతెయ్యాల్సిన పొద్దు ఏడ్చినా, సిగ్గేముంది చెప్పుకోవడానికి.

నేను పెట్టె సర్దుకుంటుంటే అవ్వ వక్కాకు దంచుకుంటూ నా పక్కన కూర్చుంది. "వానికి కండ్లు ఎప్పటినుంచి కనపడవే?" అనింది. నేను, "పన్ను పీకినప్పటినుంచి అవ్వా" అన్నాను. "ఆఁ, నాకే చెప్తాండావా! చెనిక్కాయల్లో రాయి ఏరడం మానినప్పుడే నాకు తెలిసె. మీ తాతా అంతే. పన్ను పీకక ముందే పోగు కనపడదు ఆయప్పకు. పన్ను మీదికి తోసి వీధిలో చెప్పమన్నాడు, చెప్తి" అనింది. "మరి ఏడాదంతా పీకొద్దని ఎందుకు అడ్డం పడితివి?" అన్నాను. "అడ్డం పడకపోతే తర్వాత ఎవరు నమ్ముతారే? పీకు పీకు అని నేనే పంపింటే, కండ్లు పోయినాయంటే నవ్వుదురు. దినామూ నీ చెవిలో ఆ కథ ఎందుకు పోసినాననుకుంటాండావు? నీకు ఇంత ఆలస్యంగా తోచె" అనింది. నిజంగా అంత లెక్క వేసిందో, గెలిచినాక చెప్పుకున్న గొప్పో నాకు ఇప్పటికీ తెలీదు. "ఒక ఏడాది చదువు పాయె గదవ్వా" అంటే మాత్రం నిదానంగా దంచింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ కాలంలో ఎవరి పన్నూ వాళ్ళది కాదు. ఒకరి నోట్లో నొప్పి వస్తే పది నోళ్ళు మాట్లాడేవి, అందులో తొమ్మిది పనికిరాని మాటలే. ఆ కాలం గొప్పదని నేను అనను. ఆ ఏడాది నాయన పడిన నొప్పి ఈ బెంగుళూరు పిల్లకు ఒక్క మధ్యాన్నంలో తీరిపోయింది, సంతోషమే, ఇట్లే ఉండాల. కానీ రాత్రి తిని పడుకోబోతూ ఆ పిల్ల, "ఆ కుర్చీలో ఒక్కదాన్నే ఉన్నా కదా పెద్దవ్వా, సూది చూసి భయమేసింది" అనింది. నేను పోయి దాని పక్కన కూర్చున్నా. అది నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. 

నాయన అద్దాలు పెట్టుకుని ఇంకా చాలా ఏండ్లు బుటాలు నేసినాడు. మామను వెక్కిరించడం మాత్రం మానేసినాడు. నేను చదివి, ఉద్యోగం తెచ్చుకుని, ఏటేటా బోర్డు మీద కటకాల బొమ్మలు గీసి, నలభై దాటినాక దగ్గరి వస్తువులు ఎందుకు మసకబారుతాయో పిల్లలకు చెప్తూ వచ్చినా. నాయనకు ముసలితనంలో శుక్లాలు వచ్చినాయి, ఆపరేషనుకు నేనే తీసుకుపోయినా. కండ్ల డాక్టరు చిన్న వయసామె. "ఎప్పటినుంచి తాతా చూపు సమస్య?" అని అడిగింది. నాయన ఠీవిగా, "హిందూపురంలో పైపన్ను పీకించుకున్నప్పటినుంచి తల్లీ. అంతకుముందు నా కండ్లకు తిరుగులేదు" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగి, "మేడమ్, మీరు ఫిజిక్స్ లెక్చరరని చెప్పినారు కదా, మీరైనా చెప్పండి" అనింది. నాయన కూడా నా వైపు తిరిగినాడు. కండ్లు తెల్లగా మసకబారిపోయినాయి, నా ముఖం కనపడదు, అయినా సరిగ్గా నా వైపే తిరిగి నా జవాబు కోసం కాచుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "అవును డాక్టరుగారూ, ఆ పన్ను వల్లే" అన్నాను.